విదేశీ ప్రయాణంలో జ్వరం, జలుబు, విరేచనాలకు చీటీ లేకుండా మందులు కొనడం ఎలా?

మీ ప్రశ్న ఇదీ: కుటుంబంతో కలిసి కొన్ని వారాలపాటు నాలుగైదు దేశాలు తిరగబోతున్నారు, వెంట చిన్న బాబు ఉన్నాడు. దారిలో జ్వరమో జలుబో విరేచనాలో పట్టుకుంటే అక్కడ డాక్టరు చీటీ లేకుండా మందు ఇస్తారా, ఇస్తే ఏమని అడగాలి, లేక అన్నీ ఇంటి నుంచే మోసుకెళ్ళాలా అని అడిగారు.

సూటిగా జవాబు: ఇస్తారు. జ్వరం, ఒళ్ళునొప్పులు, తుమ్ములు, దురద, గుండెల్లో మంట, విరేచనాలు, మలబద్ధకం, ప్రయాణంలో కడుపులో తిప్పడం లాంటివాటికి దాదాపు అన్ని దేశాల్లోనూ చీటీ అక్కర్లేని మందులు ఉంటాయి. అయితే మీకు అలవాటైన బ్రాండు అక్కడ ఉండకపోవచ్చు. ఉన్నా అందులో వేరే మందు ఉండొచ్చు. కాబట్టి మందు అసలు పేరు, అది ఎన్ని మిల్లీగ్రాములు అన్నది రాసుకెళ్ళి దానితోనే అడగండి. మొదటి రెండు మూడు రోజులకు సరిపడా మందులు మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళండి. దగ్గుకు, నొప్పికి వాడే కొడీన్, ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, బలమైన నొప్పి మందు ట్రమడాల్, నిద్రమాత్రలు మాత్రం వెళ్ళే దేశం నిబంధన చూడకుండా పెట్టెలో వేయకండి. యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా దొరుకుతాయన్న లెక్క అసలు పెట్టుకోకండి.

ఫార్మసీ కౌంటర్ వెనక పనిచేసేవాళ్ళకు ప్రయాణికుల విషయంలో ఎక్కువగా కనిపించే తప్పులు మూడే. బ్రాండు పేరు నమ్మడం, ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు వేసుకోవడం, పిల్లల సైరప్ బలం చూడకుండా అలవాటైన కొలతలో పోయడం. వీటి గురించి కాస్త వివరంగానే చెప్తాను.

పేర్ల గందరగోళం

పారాసెటమాల్‌ని అమెరికా, కెనడా, జపాన్‌లలో అసెటమినోఫెన్ అంటారు. మందు ఒకటే. అమెరికాలో టైలెనాల్, గల్ఫ్ దేశాల్లో, ఆస్ట్రేలియాలో పనడాల్, ఫ్రాన్స్‌లో డోలిప్రాన్, ఇటలీలో టాకిపిరీనా అన్నీ ఇదే. ఉబ్బసానికి పీల్చే సాల్బ్యుటమాల్ అమెరికాలో ఆల్బ్యుటెరాల్ అవుతుంది. ఇలా రెండు పేర్లున్న మందులు కొన్నే కాబట్టి, మీరు వాడేవాటికి రెండో పేరు ఉందేమో చూసుకుని పక్కన రాసుకుంటే చాలు. ఐబుప్రొఫెన్, లోపెరమైడ్, సెటిరిజిన్, ఒమెప్రజోల్ లాంటివి అక్షరం అటూ ఇటూ అయినా ఏ దేశంలో చెప్పినా ఫార్మసిస్టుకు అర్థమవుతాయి.

ఇంతకంటే చిక్కు పెట్టేది ఒకే బ్రాండులో వేర్వేరు మందులు ఉండటం. బెనడ్రిల్ అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్. బాగా నిద్ర తెప్పించే పాతకాలపు అలర్జీ మందు. బ్రిటన్‌లో అదే పేరుతో అమ్మే మాత్రల్లో ఒక రకంలో అక్రివాస్టిన్, మరో రకంలో సెటిరిజిన్ ఉంటాయి. ఇంకొన్ని దేశాల్లో బెనడ్రిల్ అంటే దగ్గు సైరప్. ఇంతకంటే దూరం పోయినవీ ఉన్నాయి. నార్‌ప్రామిన్ అన్న పేరు అమెరికాలో డిప్రెషన్ మందుది, స్పెయిన్‌లో కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్‌ది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇలాంటి పేర్ల జాబితా ఇచ్చి ప్రయాణికులను హెచ్చరించింది కూడా.

పేరు చివర చిన్న అక్షరాలు చేర్చి అమ్మేవి ఇంకో రకం. ముక్కు దిబ్బడ మాత్ర సుడాఫెడ్‌లో ఉండేది సూడోఎఫెడ్రిన్, సుడాఫెడ్ పీఈలో ఉండేది ఫినైల్‌ఎఫ్రిన్. పనడాల్ ఎక్స్‌ట్రాలో పారాసెటమాల్‌తోపాటు కెఫీన్ ఉంటుంది, పనడాల్ నైట్‌లో నిద్ర తెప్పించే డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. పగటి ప్రయాణంలో కారు నడిపే మనిషి రెండోది మింగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి పెట్టె చేతిలోకి రాగానే ముందువైపు పెద్ద అక్షరాలు వదిలేసి, పక్కనో వెనకో చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు చదవండి. అమెరికాలో ఇది ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ అన్న గడిలో మొట్టమొదట ‘యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్’ దగ్గర ఉంటుంది. భాష రాని దేశంలో ఫోను కెమెరాతో అనువాదం చేసుకోవచ్చు. మందు పేరు వరకు అది బాగానే పనిచేస్తుంది. ఎన్ని మాత్రలు, ఎన్ని గంటలకోసారి అన్నది మాత్రం యంత్రానువాదానికి వదలకండి. ఫార్మసిస్టుని అడిగి అంకెల్లో పెట్టె మీదే రాయించుకోండి.

ఎక్కడ అమ్ముతారు?

ఇది దేశానికో తీరు. అమెరికాలో సూపర్‌మార్కెట్లు, పెట్రోలు బంకుల్లోని దుకాణాల్లో కూడా నొప్పి మాత్రలు, అజీర్తి మందులు, అలర్జీ మాత్రలు దొరుకుతాయి. బ్రిటన్‌లో మూడు అంచెలు. ఎక్కడైనా అమ్మగలిగినవి, ఫార్మసిస్టు ఉన్నప్పుడే అమ్మాల్సినవి, చీటీ ఉంటేనే ఇచ్చేవి. పారాసెటమాల్ మామూలు దుకాణంలో 16 మాత్రల పెట్టె, ఫార్మసీలో 32 మాత్రల పెట్టె. 1998లో పెట్టిన ఈ హద్దు మితిమీరిన మోతాదులను తగ్గించడానికే. నాలుగు పెట్టెలు కావాలంటే ఇవ్వరు, మిమ్మల్ని అనుమానించారని నొచ్చుకోకండి. ఆస్ట్రేలియా కూడా 2025 ఫిబ్రవరి నుంచి సూపర్‌మార్కెట్ పెట్టెను 20 నుంచి 16 మాత్రలకు తగ్గించింది.

యూరప్ ఖండంలో చాలా దేశాలు దీనికి పూర్తిగా భిన్నం. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో పారాసెటమాల్ కావాలన్నా ఫార్మసీకే వెళ్ళాలి, సూపర్‌మార్కెట్లో ఉండదు. జర్మనీలో ‘డ్రోగెరీ’ అని కనిపించే పెద్ద పెద్ద దుకాణాల్లో సబ్బులు, విటమిన్లు, మూలికల టీలు ఉంటాయి కానీ జ్వరం మాత్ర ఉండదు. ఎర్రటి ‘ఏ’ అక్షరం బోర్డు ఉన్న ‘అపోతెకె’ వెతకండి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్‌లలో ఆకుపచ్చ శిలువ గుర్తు. ఫ్రాన్స్‌లో 2020 జనవరి నుంచి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మూడూ కౌంటర్ వెనకే ఉంటాయి, చేత్తో తీసుకోవడానికి వీల్లేదు, అడగాలి. ఇటలీలో ‘పారాఫార్మాచియా’ అన్న దుకాణాల్లో కూడా చీటీ లేని మందులు అమ్ముతారు.

జపాన్‌లో చీటీ లేని మందులకే తరగతులున్నాయి. మొదటి తరగతివి ఫార్మసిస్టు ఉన్నప్పుడే అమ్ముతారు. అరలో ఖాళీ పెట్టె లేదా కార్డు మాత్రమే కనిపిస్తుంది. ఫార్మసిస్టు ఇంటికెళ్ళాక దుకాణం తెరిచే ఉన్నా ఆ మందు ఇవ్వరు. దక్షిణ కొరియాలో 2012 నుంచి 24 గంటల దుకాణాల్లో గుర్తించిన కొద్దిపాటి మందులు దొరుకుతున్నాయి. జ్వరం మాత్ర అందులో ఉంటుంది, మిగతావాటికి ఫార్మసీయే.

రాత్రిపూట, ఆదివారాల్లో యూరప్‌లో చాలా ఫార్మసీలు మూసేస్తారు. అయితే ప్రతి ప్రాంతంలో వంతులవారీగా ఒకటి తెరిచి ఉంచే పద్ధతి ఉంది. మూసి ఉన్న ఏ ఫార్మసీ తలుపు దగ్గరికి వెళ్ళినా ఆ రాత్రి తెరిచి ఉన్నదాని చిరునామా అతికించి ఉంటుంది. జర్మనీలో ‘నోట్‌డీన్స్ట్’, ఫ్రాన్స్‌లో ‘ఫార్మసీ ద గార్డ్’, స్పెయిన్‌లో ‘ఫార్మాసియా దె గార్డియా’, ఇటలీలో ‘ఫార్మాచియా ది తుర్నో’ అని వెతకాలి. వెళ్ళాక తలుపు తీసి ఉండకపోవచ్చు, గంట కొడితే చిన్న కిటికీలోంచి ఇస్తారు.

కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి

ఫార్మసిస్టుకి మందు పేరు చెప్పేకంటే ముందు బాధ చెప్పడం మంచిది. ఎవరికి, వయసెంత, ఎన్ని రోజుల నుంచి, ఇప్పటికే ఏం వేసుకున్నారు, రోజూ వాడే మందులేమిటి, ఏ మందు పడదు, గర్భం లేదా పాలిచ్చే తల్లి అయితే ఆ మాట. ఇంతే. ఇదంతా ఆంగ్లంలో ఒక కాగితం మీద, ఫోనులో కూడా రాసి పెట్టుకోండి. మీరు వాడే ప్రతి మందు స్ట్రిప్పుని మందు పేరు, మిల్లీగ్రాములు కనిపించేలా ఫొటో తీయండి. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరున్న భాగం పోతే మిగిలిన మాత్రలు ఏమిటో ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రయాణానికి వెళ్ళే స్ట్రిప్పులు కత్తిరించవద్దు. మాత్రలు విప్పి వారం గడుల డబ్బాలో పోసుకోవడం ఇంట్లో బాగుంటుంది కానీ, కస్టమ్స్ అధికారి ముందు అవి పేరులేని మాత్రలే.

రక్తపోటు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు: ఈ నాలుగింటిలో ఏది ఉన్నా అడగకపోయినా చెప్పండి. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఈ వర్గం మనుషులకు హాని చేయగలవు. ముక్కు దిబ్బడకు ఇచ్చే సూడోఎఫెడ్రిన్ రక్తపోటు పెంచుతుంది.

జ్వరం, నొప్పులు

పెద్దవాళ్ళకు పారాసెటమాల్ ఒక్కో మోతాదు 500 నుంచి 1000 మి.గ్రా., రెండింటి మధ్య కనీసం 4 గంటలు, 24 గంటల్లో మొత్తం 4 గ్రాములు మించకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, రోజూ మద్యం తాగేవాళ్ళు అంతకంటే తక్కువలోనే ఆగాలి. దేశాన్ని బట్టి మాత్ర బలం మారుతుంది. బ్రిటన్‌లో 500, అమెరికాలో 325, 500, 650, ఫ్రాన్స్‌లో 1000 మి.గ్రా. మాత్ర కూడా చీటీ లేకుండానే ఉంటుంది. జపాన్‌లో దుకాణంలో కొనేది 300 మి.గ్రా. కావచ్చు. ‘నాకు రెండు మాత్రలు అలవాటు’ అన్న లెక్క ఫ్రాన్స్‌లో ఒకేసారి 2 గ్రాములు అవుతుంది. మాత్రల లెక్క మరిచిపోయి మిల్లీగ్రాముల లెక్క పట్టుకోండి.

అసలు ప్రమాదం జలుబు మందుల్లో ఉంది. జలుబు, ఫ్లూ అని రాసి ఉన్న పొడులు, క్యాప్సూళ్ళు, సైరప్‌లలో చాలావాటిలో పారాసెటమాల్ కలిపి ఉంటుంది. ఉదాహరణకు అమెరికాలో డేక్విల్, నైక్విల్ క్యాప్సూల్ ఒక్కోదాంట్లో 325 మి.గ్రా. ఉంటుంది, మోతాదుకు రెండు. జ్వరానికి 1000 మి.గ్రా. చొప్పున నాలుగుసార్లు వేసుకునే మనిషి జలుబుకని ఇవి కూడా నాలుగుసార్లు వేసుకుంటే 4 గ్రాములకు ఇంకో 2.6 గ్రాములు కలిసి 6.6 గ్రాములు అయింది. ఇలా రెండు మూడు రోజులు సాగితే కాలేయం దెబ్బతినొచ్చు. మొదట్లో వాంతి, నీరసం తప్ప ఏమీ తెలియదు కాబట్టి జలుబే ముదిరిందనుకుంటారు. పొరపాటున ఎక్కువ పడిందని తెలిస్తే లక్షణాలు లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. దీనికి విరుగుడు ఉంది, అది తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

ఐబుప్రొఫెన్ చీటీ లేకుండా వాడేటప్పుడు 200 నుంచి 400 మి.గ్రా., రోజుకు 1200 మి.గ్రా. దాటకుండా, తిన్న తర్వాత. డెంగీ ఉన్న ప్రాంతంలో తిరుగుతూ జ్వరం వస్తే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టకండి, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసెటమాల్ ఒక్కటే వాడండి. మలేరియా ఉన్న చోటికి వెళ్ళినప్పుడో, వెళ్ళి వచ్చిన కొన్ని నెలల్లోపో జ్వరం వస్తే మాత్రతో సరిపెట్టకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. 16 ఏళ్ళలోపు పిల్లలకు ఆస్పిరిన్ వద్దు.

కొన్ని దేశాల్లో ఇంట్లో మామూలుగా వాడే నొప్పి మాత్రలు మరికొన్ని చోట్ల అసలు లేవు. నిమెసులైడ్‌కు అమెరికాలో ఎన్నడూ అనుమతి రాలేదు, ఐర్లండ్ 2007లో ఆపేసింది. డైక్లోఫినాక్ మాత్రలు బ్రిటన్‌లో 2015 నుంచి చీటీ ఉంటేనే ఇస్తారు. పూతమందుగా మాత్రం దొరుకుతుంది. దీనికి విరుద్ధంగా, బ్రెజిల్‌లో జ్వరమంటే చీటీ లేకుండా చేతిలో పెట్టే డైపైరోన్ అనే మెటమిజోల్‌ను అమెరికా 1977లోనే తీసేసింది. దానితో తెల్ల రక్తకణాలు ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం అరుదుగా ఉంటుంది. ఎప్పుడూ వాడని మందు పరాయి ఊళ్ళో మొదటిసారి మింగడం నేను సిఫార్సు చేయను. పారాసెటమాల్ కావాలని అడిగి తీసుకోండి.

ముక్కు దిబ్బడ, దగ్గు, అలర్జీ

సూడోఎఫెడ్రిన్ బాగా పనిచేసే మందే, కానీ దాన్నుంచి మెతాంఫెటమిన్ అనే మత్తుమందు తయారుచేస్తారు కాబట్టి అంతటా కట్టడి ఉంది. అమెరికాలో కౌంటర్ వెనక ఉంటుంది, ఫొటో ఉన్న గుర్తింపు చూపించి సంతకం పెట్టాలి, ఒక రోజుకు 3.6 గ్రాములకు మించి అమ్మరు. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి. ఫ్రాన్స్‌లో 2024 డిసెంబరు నుంచి చీటీ తప్పనిసరి. గుర్తింపు అడగకుండా అమెరికా అరల్లో దొరికే ఫినైల్‌ఎఫ్రిన్ మాత్రలు కొని డబ్బు పోగొట్టుకోకండి. నోటితో మింగితే అది ముక్కు దిబ్బడకు పనిచేయదని ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. దాన్ని తొలగించాలని 2024లో ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది.

సులువైన దారి ముక్కులో కొట్టే స్ప్రే. ఆక్సీమెటాజోలిన్ లేదా జైలోమెటాజోలిన్ అని అడగండి, చాలా దేశాల్లో చీటీ అక్కర్లేదు. విమానం దిగేటప్పుడు చెవులు నొప్పెడతాయనుకుంటే దిగడానికి అరగంట ముందు ఒక్కో ముక్కులో ఒకసారి. మూడు రోజులు దాటితే ఆపేయాలి. ఇంకా వాడితే మందు దిగిపోగానే ముక్కు మునుపటికంటే బిగుసుకుపోతుంది, మళ్ళీ కొట్టాల్సి వస్తుంది. ఉప్పునీటి స్ప్రేకి ఈ బాధ లేదు.

దగ్గు మందుల్లో కొడీన్ విషయం జాగ్రత్త. ఆస్ట్రేలియాలో 2018 ఫిబ్రవరి నుంచి, ఫ్రాన్స్‌లో 2017 నుంచి కొడీన్ ఉన్నదేదైనా చీటీతోనే. బ్రిటన్‌లో పారాసెటమాల్‌తో కలిపినవి ఫార్మసీలో ఇస్తారు కానీ మూడు రోజులకు మించి వాడొద్దని పెట్టె మీదే ఉంటుంది. జపాన్ జలుబు మందుల్లో కొన్నిట్లో కొడీన్ లాంటిదే అయిన డైహైడ్రోకొడీన్ ఉంటుంది, పిల్లలకు ఇవి ఇవ్వకండి.

అలర్జీ మాత్రలు తేలిక. సెటిరిజిన్ 10 మి.గ్రా. లేదా లోరాటడిన్ 10 మి.గ్రా., రోజుకు ఒకటి. రెండూ చాలా చోట్ల దొరుకుతాయి.

కడుపు

ప్రయాణంలో విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్, తర్వాతే మిగతావి. ఇక్కడ చాలామంది పొరబడేది ప్యాకెట్టుకు ఎంత నీళ్ళు అన్న దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్ళకు. బ్రిటన్‌లో దొరికే డయొరలైట్ లాంటి చిన్న ప్యాకెట్టు 200 మి.లీ.లకే. లీటరు ప్యాకెట్టుని గ్లాసెడు నీళ్ళలో కలిపితే ఉప్పు అయిదు రెట్లవుతుంది. పసిపిల్లలకు అది ప్రాణాంతకం కాగలదు. చిన్న ప్యాకెట్టుని లీటరులో కలిపితే పనిచేయదు. పెట్టె మీద మి.లీ. అంకె చూసి, అంతే కొలిచి కలపండి. 24 గంటలు దాటిన మిగులు పారబోయండి. జపాన్‌లో ఓఎస్-1, అమెరికాలో పెడియలైట్ కలిపిపెట్టిన సీసాలుగానే దొరుకుతాయి. ఏదీ దొరకని చోట లీటరు శుభ్రమైన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసి. చెంచా అంటే 5 మి.లీ.ల టీ చెంచా.

విరేచనాలు ఆపే లోపెరమైడ్ 2 మి.గ్రా. పెద్దవాళ్ళకు మొదట రెండు, తర్వాత ప్రతి పలుచని విరేచనానికి ఒకటి. అమెరికా లేబుల్ ప్రకారం రోజుకు 8 మి.గ్రా. హద్దు. బస్సో విమానమో ఎక్కాల్సిన రోజున అక్కరకొస్తుంది. జ్వరం ఉంటే, రక్తం పడితే వేయకూడదు, లోపలి క్రిములు బయటికి పోకుండా బిగబట్టినట్టవుతుంది. చిన్న పిల్లలకు ఇవ్వకూడదు. అమెరికాలో చాలామంది కొనే పెప్టో-బిస్మాల్‌లో ఉన్నది ఆస్పిరిన్‌కు చుట్టమైన సాలిసిలేట్. ఆస్పిరిన్ పడనివాళ్ళకు, పిల్లలకు వద్దు. నాలుక, మలం నల్లబడితే కంగారు పడక్కర్లేదు.

వాంతులకు డోంపెరిడోన్ అలవాటైనవాళ్ళు గుర్తుంచుకోండి, అమెరికాలో అది లేదు, బ్రిటన్‌లో 2014 నుంచి చీటీతోనే. ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా చాలా చోట్ల చీటీ మందే. ప్రయాణపు వికారానికైతే అమెరికాలో డైమెన్‌హైడ్రినేట్ లేదా మెక్లిజిన్, బ్రిటన్‌లో సిన్నరిజిన్ అడగండి. బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే ఫలితం తక్కువ.

గుండెల్లో మంటకు ఒమెప్రజోల్ 20 మి.గ్రా. దొరుకుతుంది కానీ పూర్తిగా పనిచేయడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పట్టొచ్చు. ఈ రాత్రికి ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ ద్రవమో, ఆల్జినేటో అడగండి. ఆమ్లం తగ్గించే రానిటిడిన్ అడిగితే చాలా చోట్ల లేదంటారు. అమెరికాలో 2020లో తీసేశారు, యూరప్‌లో కూడా అంతే.

పిల్లవాడి మందు

ఇంటి నుంచి తప్పకుండా తీసుకెళ్ళమని నేను చెప్పేది ఇదే. పారాసెటమాల్ సైరప్, దానితో వచ్చిన కొలత సిరంజి, థర్మామీటరు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.

పిల్లలకు మోతాదు బరువును బట్టి. పారాసెటమాల్ కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., 4 నుంచి 6 గంటలకోసారి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా. 12 కిలోల పిల్లవాడికి ఒక్కోసారి 120 నుంచి 180 మి.గ్రా. అన్నమాట. ఇప్పుడు సైరప్ సీసా చూడండి. బ్రిటన్‌లో పసిపిల్లల సైరప్ 5 మి.లీ.లకు 120 మి.గ్రా., ఆరేళ్ళు దాటినవాళ్ళది 5 మి.లీ.లకు 250 మి.గ్రా. అమెరికాలో 5 మి.లీ.లకు 160 మి.గ్రా. అదే 12 కిలోల పిల్లవాడికి మొదటి సీసాలోంచి 5 నుంచి 7.5 మి.లీ., రెండోదాంట్లోంచి 2.4 నుంచి 3.6 మి.లీ. మాత్రమే, అమెరికా సీసాలోంచి 5 మి.లీ. రెండో సీసాలోంచి అలవాటుగా 7.5 మి.లీ. పోస్తే 375 మి.గ్రా., ఇవ్వాల్సిన గరిష్ఠానికి రెట్టింపు. ఫ్రాన్స్ సైరప్ సిరంజి మీద మి.లీ. కాకుండా పిల్లవాడి కిలోలు గీసి ఉంటాయి. ఆ సిరంజి ఆ సీసాకే, వేరే మందుకు వాడితే లెక్క తప్పుతుంది. వంటగది చెంచాతో ఏదీ కొలవకండి.

దగ్గు, జలుబు సైరప్‌లు చిన్న పిల్లలకు కొనకపోవడమే మంచిది. వాటితో ఒరిగేది తక్కువ. పైగా 2022లో గాంబియా, ఇండోనేషియా, ఉజ్బెకిస్తాన్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనాలతో కలుషితమైన పిల్లల సైరప్‌ల వల్ల ఎంతోమంది చిన్నారులు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. తక్కువ, మధ్యాదాయ దేశాల్లో పదింట ఒక మందు నాసిరకమో నకిలీదో అని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కాబట్టి బజారు బండి మీద, బీచి పక్క దుకాణంలో, విడి మాత్రలుగా దేన్నీ కొనకండి. లైసెన్సు గోడకు తగిలించిన ఫార్మసీలో, సీలు తీయని పెట్టె, పెట్టె మీదా లోపలి స్ట్రిప్పు మీదా ఒకే బ్యాచ్ నంబరు, ఒకే గడువు తేదీ ఉన్నది తీసుకోండి. తేదీ రాసే వరుస దేశాన్ని బట్టి మారుతుంది, అమెరికాలో నెల ముందు, జపాన్‌లో ఏడాది ముందు.

చీటీ లేకుండా దొరకనివి

యాంటీబయాటిక్‌లు, బలమైన స్టెరాయిడ్ పూతలు, ఉబ్బసం ఇన్హేలర్ చాలా దేశాల్లో చీటీ మందులే. మినహాయింపులు ఉన్నాయి: ఆస్ట్రేలియాలో సాల్బ్యుటమాల్ ఇన్హేలర్ ఫార్మసిస్టే ఇవ్వగలరు, బ్రిటన్‌లో కంటి ఇన్ఫెక్షన్‌కు క్లోరాంఫెనికాల్ చుక్కలు 2005 నుంచి ఫార్మసీలోనే కొనొచ్చు, హైడ్రోకార్టిజోన్ 1 శాతం పూత అమెరికా, బ్రిటన్ రెండింటా చీటీ లేకుండా ఇస్తారు. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం వీటి మీద ఆధారపడకుండా రెండు ఇన్హేలర్లు వెంట పెట్టుకుని, ఒకటి చేతిసంచీలో ఉంచుకోవాలి. మెలటోనిన్ అమెరికాలో విటమిన్ల పక్కన దొరుకుతుంది, బ్రిటన్‌లో చీటీ కావాలి.

మీ డాక్టరు రాసిన చీటీని విదేశీ ఫార్మసీ సాధారణంగా అంగీకరించదు. అయినా వెంట ఉంచుకోండి, అక్కడి డాక్టరు కొత్త చీటీ రాయడానికి అది చాలా ఉపయోగపడుతుంది. ప్రయాణ బీమా ఉంటే వాళ్ళ సహాయ నంబరుకు ముందు ఫోను చేస్తే దగ్గర్లోని డాక్టరునో, వీడియో సంప్రదింపునో చూపిస్తారు. బిల్లు, మందు పెట్టె మీది లేబుల్ దాచండి. ఆ రెండూ లేకుండా బీమా డబ్బు అడగడం కష్టం.

ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి, మెడ బిగుసుకుపోయిన జ్వరం, రక్తంతో విరేచనాలు, ఆగని వాంతులు, ఎనిమిది గంటలుగా మూత్రం పోయని పిల్లవాడు, మూడు నెలల లోపు పసికందుకు 38 డిగ్రీల జ్వరం, సుదీర్ఘ విమాన ప్రయాణం తర్వాత ఒక్క కాలి పిక్కలోనే వాపు, నొప్పి: వీటికి ఫార్మసీ వెతుకుతూ సమయం పోగొట్టకండి, నేరుగా ఆసుపత్రికి.

సరిహద్దు దగ్గర

మీరు చాలా దేశాలు తిరుగుతున్నారు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. ఒక దేశంలో దుకాణంలో కొన్న మందు పక్క దేశంలో నిషిద్ధం కావచ్చు. జపాన్‌లోకి సూడోఎఫెడ్రిన్ 10 శాతం మించి ఉన్న మందులు తీసుకెళ్ళకూడదు, అమెరికాలో కొన్న సుడాఫెడ్ దీని కిందికి వస్తుంది. జపాన్‌కు చీటీ లేని మందులు రెండు నెలలకు, చీటీ మందులు ఒక నెలకు సరిపడా దాటితే ముందుగా దిగుమతి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. యూఏఈలో కొడీన్, ట్రమడాల్ నియంత్రిత మందులు, అక్కడి అధికారుల నుంచి ముందే అనుమతి కోరాలి. ఈజిప్టులోనూ ట్రమడాల్ విషయంలో చట్టం కఠినం. విమానం మారడానికి ఆగే దేశం నిబంధన కూడా చూడండి, రాత్రి బస కోసం బయటికొస్తే ఆ దేశంలోకి మందు తీసుకెళ్ళినట్టే.

నిబంధనలు చూసుకోవడానికి ఆ దేశపు రాయబార కార్యాలయం వెబ్‌సైటు, ఆరోగ్య శాఖ వెబ్‌సైటు నమ్మదగినవి. నియంత్రిత మందుల విషయంలో ఆయా దేశాల నిబంధనలను అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలి తన వెబ్‌సైటులో దేశాలవారీగా ఉంచుతుంది. ప్రయాణానికి కనీసం నెల ముందు చూడండి, అనుమతి రావడానికి వారాలు పట్టొచ్చు. రోజూ వాడే మందులన్నీ పెట్టెలతో సహా చేతిసంచీలో పెట్టి, డాక్టరు ఉత్తరంలో మందు పేరు, మోతాదు, జబ్బు, రోజుల సంఖ్య రాయించుకోండి. ద్రవరూపంలోని మందులకు సాధారణంగా 100 మి.లీ. హద్దు వర్తించదు, కానీ తనిఖీ దగ్గర అడగకముందే బయటికి తీసి చూపించాలి. ఒక దేశం వదిలే రోజున సంచీ ఒకసారి తెరిచి, అక్కడ కొన్న జలుబు, దగ్గు, నొప్పి మందుల పేర్లు తర్వాతి దేశం జాబితాతో పోల్చి చూడండి. కుదరనివి అక్కడే ఏదైనా ఫార్మసీలో ఇచ్చేయండి, యూరప్‌లో చాలా ఫార్మసీలు మిగిలిన మందులు తీసుకుంటాయి.